వన్ బై టూ సైదా

జాన్ సైదా తన జీవితంలో ఒక్కరోజు తప్ప ఎన్నడూ కాఫీ నిండుగా తాగి ఎరగడు. సగమే తాగుతాడు. మిగిలిన సగానికి మనిషి దొరికేదాకా కాఫీ చెప్పడు. దొరక్కపోతే వెతుకుతాడు. వెతికినా దొరక్కపోతే, తెనాలి స్టేషను రోడ్డు మీద తన మానాన తాను పోతున్న ఏ పెద్దమనిషినో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కొండమ్మ హోటలు బల్ల మీద కూలేసి, లోపలికి ఒక కేక పెడతాడు.

“కొండమ్మక్కా, వన్ బై టూ.”

అంటే ఒకటే కాఫీ, రెండు చిన్న గ్లాసుల్లో. లోకంలో ఇద్దరు స్నేహితులు కలిస్తే వన్ బై టూ చెబుతారు. సైదాది తిరగేసిన పద్ధతి. ముందు కాఫీ పంచుతాడు, ఆ తర్వాత పేరు అడుగుతాడు.

ఆయన పేరు జాన్ సైదా అని రేషను కార్డుకీ, ఆయన భార్య మున్నీ బీకీ తప్ప ఎవరికీ తెలియదు. ఊరందరికీ వన్ బై టూ సైదా. పని కుట్టు మిషన్లు బాగుచేయడం. వారంలో సగం రోజులు తెనాలి, తక్కిన సగం బాపట్ల, రేపల్లె. పనిని కూడా పంచుకున్నాడని జనం నవ్వుకునేవారు. భుజాన స్క్రూడ్రైవర్ల సంచీ, చేతిలో నూనె డబ్బా. ఆయన వస్తున్నాడంటే ముందు మిషను నూనె వాసన వచ్చేది, వెనకాల నవ్వు వచ్చేది, ఆ వెనకాల ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి “అది కాదండి, నాకు రైలు టైమైపోతోందండి” అంటూ వచ్చేవాడు.

కొండమ్మది అయిదో తరగతి చదువు. ఆ చదువులో కూడికలు చెప్పారు, తీసివేతలు చెప్పారు, ఎదుటివాళ్ల సంగతి అడక్కుండా ఉండటం ఎలాగో చెప్పలేదు. ఆరో తరగతిలో చెప్పేవారేమో, ఆవిడ వెళ్లలేదు. ఎవరు ఏ బస్సు దిగారు, ఎందుకు దిగారు, దిగినవాళ్ల మొహం ఎందుకలా ఉంది, ఇవన్నీ తేలితే తప్ప ఆవిడకు డికాక్షన్ దిగేది కాదు. స్టేషను ఎదురుగా మూడు బల్లల హోటలు. అందులో కాఫీ తప్ప ఏమీ దొరకదు. టీ అన్న మాట వినబడితే ఆవిడ గరిటెతో రోడ్డవతలి ఫరూక్ టీ బంకు వైపు చూపించేది. “అక్కడికెళ్లండి బాబూ. ఆకులు ఉడకబెట్టుకునే వాళ్లంతా అక్కడే ఉంటారు.”

సైదాతో ఆవిడకు రెండు బాధలు. ఇద్దరు మనుషులు బల్ల మీద గంటసేపు కూర్చుని ఒక్క కాఫీతో లేచిపోవడం మొదటిది. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినబడకపోవడం రెండోది. మొదటి బాధ ఎలాగోలా ఓర్చుకునేది. రెండోది ఆవిడ ప్రాణం తీసేది. గ్యాసు పొయ్యి భుస్సుమంటుంటే మాటలు అందవని, సైదా వచ్చినప్పుడల్లా మంట తగ్గించేది. అందుకే సైదా ఉన్నంతసేపూ హోటల్లో పాలు పొంగేవి కావు.

ఒకరోజు చొక్కా నలిగిన కుర్రవాడొకడు సైదా పక్కన చాలాసేపు కూర్చుని, వెళ్తూ వెళ్తూ కళ్లు తుడుచుకున్నాడు. అతను గుమ్మం దాటాడో లేదో కొండమ్మ బల్ల దగ్గర వాలింది.

“ఏంటి సైదా, ఆ బాబుతో అంతసేపు?”

“ఏం లేదక్కా. వాళ్లూళ్లో వానలెలా ఉన్నాయని అడిగా.”

“వానలకి కళ్లెందుకు తుడుచుకున్నాడు?”

“బాగా కురిశాయంట.”

ఇంతకు మించి ఆయన నోట ఎప్పుడూ ఒక్క మాట రాలేదు. కొండమ్మ గరిటె బల్ల మీద కొట్టి లోపలికి పోయేది.

కాఫీ పంచడంలో మాత్రం సైదా మహా నిష్ఠ. కొండమ్మ రెండు గ్లాసులూ తెచ్చి పెట్టగానే, సూదిలో దారం ఎక్కించేవాడిలా ఒక కన్ను మూసి, వంగి, గడ్డం బల్లకు ఆనించి, రెండు గ్లాసుల మట్టాలూ చూసేవాడు. ఒక చుక్క అటూ ఇటూ అయితే సరిచేసేవాడు. అంతా అయ్యాక “సమానంగానే ఉన్నాయి” అని తీర్పు చెప్పి, ఎందులో కాస్త ఎక్కువుందో అది పక్కవాడికి జరిపేవాడు. సమానమైనప్పుడు ఎక్కువ ఎలా వచ్చిందని కొండమ్మ అడిగితే, నురగ అనేవాడు.

బాపట్లలో ఒకసారి లైటు లేని సైకిలు తొక్కుతున్నాడని కానిస్టేబులు బర్నబాస్ ఆపాడు. “కాయితాలు తియ్” అన్నాడు. సైదా కాయితాలు తియ్యలేదు, పక్క హోటలుకేసి తిరిగి “వన్ బై టూ” అన్నాడు. బర్నబాస్ గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. సగం కాఫీ తాగినవాడి మీద నిండు కేసు ఎలా రాస్తాడు? ఆ తర్వాత ఆ కానిస్టేబులే సైదా బాపట్ల వచ్చే రోజు రోడ్డు మీద నిలబడి, లైటు ఉన్నా సరే ఆపేవాడు.

రేపల్లెలో రైలు తప్పిపోయి ఏడవబోతున్న ఒకాయన్ని కూర్చోబెట్టి సగం గ్లాసుతో ఓదార్చాడు. ఆ ఓదార్పులో పడి ఆయన తర్వాతి రైలు కూడా తప్పిపోయాడు. ఈసారి ఏడవలేదు, ఇంకో వన్ బై టూ చెప్పాడు. జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు సైదా డాక్టరుగారిచ్చిన మాత్రను రెండు ముక్కలు చేసి పక్క మంచం ఆయనకు సగం ఇవ్వబోయాడని కూడా చెబుతారు. పక్క మంచం ఆయన కాలు విరిగి వచ్చాడు.

వీటన్నిటినీ మించింది రంజాను నెల సంగతి. సైదా రోజా ఉన్నాడు. పగలు మంచినీళ్లు కూడా ముట్టడు. అయినా వేళకు హోటలుకు వచ్చాడు. కాకుమాను నుంచి కోర్టు వాయిదాకు వచ్చిన బావా బావమరుదులు ఇద్దరు, ఆ బల్ల మీద ఒకరు, ఈ బల్ల మీద ఒకరు, వీపులు తిప్పుకుని కూర్చుని ఉన్నారు. సైదా వాళ్లను చూశాడు, లోపలికి చూశాడు.

“అక్కా, వన్ బై టూ.”

ఇద్దరినీ మధ్య బల్లకు లాగి, కన్ను మూసి మట్టాలు చూసి, చెరో గ్లాసూ చేతికిచ్చాడు. ఇద్దరూ పైకప్పు చూస్తూ ఒక గుక్క తాగారు.

“చక్కెర సరిపోయిందా అండి?” అన్నాడు సైదా.

“తక్కువైంది” అన్నాడు బావ.

“నాకు ఎక్కువైంది” అన్నాడు బావమరిది.

“అయితే మార్చుకోండి.”

వాళ్లు మార్చుకున్నారు. ఒకే గిన్నెలో కలిపిన కాఫీ ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ ఎలా అయిందని కొండమ్మ లోపల తల బాదుకుంటోంది. ఇంతలో వాళ్లిద్దరూ ఒకే రిక్షా మాట్లాడుకుని వెళ్లిపోయారు. అప్పుడు ఆవిడకు అసలు ప్రశ్న తట్టింది.

“సైదా, రోజా ఉన్నవాడివి నువ్వు కాఫీ ఎందుకు చెప్పావు?”

“వాసన చూడటానికక్కా” అన్నాడు సైదా.

కొండమ్మ నమ్మింది. తన కాఫీ వాసన అటువంటిదే కదా అనుకుంది. అక్కడే బోల్తా పడింది.

ఇలా పదేళ్ల పైమాటే గడిచింది. పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన వచ్చి కొద్దికాలమే అయింది, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి, తెనాలి స్టేషను రోడ్డు మీదకు ఏసీ కాఫీ వచ్చింది. దాని బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది. కొండమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని మధ్యలో వదిలేసింది. ఊరు దానికి ఏసీ కాఫీ అని పేరు పెట్టేసింది. బెంగుళూరులో అలాంటివి వీధికొకటి ఉన్నాయట. అద్దాల గోడలు, ఎర్రటి సోఫాలు, లోపల దుప్పటి కప్పుకునేంత చలి. సరిగ్గా కొండమ్మ హోటలు పక్క వాటా.

వారం తిరిగేసరికి కొండమ్మ బల్లలు పలచబడ్డాయి. కాలేజీ పిల్లలు అటు వెళ్లారు. పిల్లల్ని చూసి గుమాస్తాలు వెళ్లారు. గుమాస్తాలు ఏం తాగుతున్నారో చూద్దామని వాళ్ల సార్లు వెళ్లారు. పాలు పోసే శివపార్వతి క్యాను సగం దించి ఆగిపోయి, “ఇయ్యాళ కూడా సగమేనా పిన్నీ?” అని అడిగేది. సైదా మాత్రం ఎవరు అటు అడుగు వేసినా అడ్డం పడేవాడు. “అక్కడ తాగితే నీ డబ్బు రాత్రికే రైలెక్కి బెంగుళూరు పోద్ది బాబూ. ఇక్కడ తాగితే శివపార్వతి గేదె దగ్గరికెళ్లి, పొద్దున్నే మళ్లీ పాలై వస్తది.” జనం నవ్వి, చలికి అలవాటు పడదామని అటే వెళ్లేవారు.

ఒక సాయంత్రం ఇంటి ఓనరు గోపాలకృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వరసంతా ఆయనదే. చెడ్డవాడేమీ కాదు. కానీ ఆయన వస్తే అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఆయన కూర్చోగా చూసిన మనిషి ఆ రోడ్డులో లేడు.

“కొండమ్మా, పక్కవాళ్లు నీ వాటా కూడా అడుగుతున్నారు. ఇంకో నాలుగు సోఫాలు వేసుకుంటారంట. నీకు ఎలాగూ గిరాకీ లేదాయె. శుక్రవారం వస్తా, ఖాళీ చేస్తావో లేదో ఒక మాట చెప్పు.”

కొండమ్మ తల ఊపింది. బాపట్లలో చెల్లెలు పేరంటాలు ఎప్పట్నుంచో వచ్చెయ్యమంటోంది. వెళ్లిపోదామనే అనుకుంది. కానీ ఒక్కటే పీకుతోంది. అసలు ఆ అద్దాల వెనక ఏముందో చూడకుండా ఊరు వదిలితే ఆవిడకు బాపట్లలో నిద్ర పట్టదు.

“సైదా, నువ్వెళ్లి చూసి రా.”

“నేనొక్కణ్ణే కాఫీ ఎలా తాగుతానక్కా? నువ్వూ రా.”

కొండమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. సైదా సంచీ దులుపుకున్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్లి సోఫాలో కూర్చుంటే అది వాళ్లను సగం మింగేసింది. కొండమ్మ మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అయినా ఆవిడ కళ్లు మిషను దగ్గర్నుంచి టోపీ పెట్టుకున్న అమ్మాయి దాకా చకచకా తిరిగేస్తున్నాయి. అంత ఉత్సాహం ఆవిడకు చెల్లెలి పెళ్లిలో కూడా రాలేదు.

టోపీ అమ్మాయి వచ్చింది. పేరు సారా అని చొక్కా మీద రాసి ఉంది. కొండమ్మ అప్పటికే ఆ పిల్లది బాపట్ల అనీ, ఇక్కడ బాబాయి ఇంట్లో ఉంటోందనీ, టోపీ కింద తల దురద పెడుతుందనీ రాబట్టేసింది.

“ఏం తీసుకుంటారండి?”

“వన్ బై టూ” అన్నాడు సైదా.

ఆ వారం అక్కడ ఒకటి కొంటే ఒకటి ఉచితం. పొద్దుట్నుంచీ ‘బై వన్, గెట్ టూ’ అని జనం అంటుంటే విని విని ఉన్న చెవులు ఆ పిల్లవి. చక్కగా రాసుకుని వెళ్లి, మూరెడు పొడవు గ్లాసులు రెండు తెచ్చి పెట్టింది. మీద తెల్లటి మీగడ గోపురం, అందులో గొట్టం.

సైదా రెండు గ్లాసుల్నీ మార్చి మార్చి చూశాడు. “ఒకటి సగం చెయ్యమంటే రెండు చేసుకొచ్చావేంటమ్మా?”

“ఆఫరండి.”

“పోనీ, రెండు చిన్న గ్లాసులు తెచ్చిపెట్టు తల్లీ. నలుగురం తాగుతాం.”

“చిన్న గ్లాసులు లేవండి ఇక్కడ.”

సైదా పైన ఏసీ చూశాడు, కింద సోఫా చూశాడు, అద్దాల గోడలన్నీ చూశాడు. “ఇంత డబ్బు పోసి కట్టి, చిన్న గ్లాసు కొనటం మర్చిపోయారా?”

కొండమ్మ ఒక గుక్క పీల్చింది. పళ్లు జివ్వుమన్నాయి. గ్లాసు అవతలికి తోసేసింది. సైదా లేచి, తన ముట్టని గ్లాసు పట్టుకుని బల్లబల్లకూ తిరిగాడు. “బాబూ, సగం తీసుకుంటావా? ఎంగిలి కాదు.” ఒకతను వద్దండి అన్నాడు. ఒకామె థాంక్స్ అని ఫోనులోకి తల దించుకుంది. ఒకడి చెవుల్లో వైర్లు ఉన్నాయి, వాడికి అసలు వినబడనేలేదు. ఏడు బల్లల మీద ఏడుగురు ఒంటరిగాళ్లు, ఒక్కడికీ సగం అక్కర్లేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. పారబోయడం ఆయనకు చేతకాదు. రెండు గ్లాసులూ తనే తాగాడు. ఆయన కాఫీ నిండుగా తాగిన ఆ ఒక్కరోజూ అదే. కొండమ్మ నోరు తెరుచుకుని చూసింది.

మర్నాడు తెనాలి వంతే అయినా సైదా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సూర్యుడు రాకపోతే మబ్బనుకుంటారు, సైదా రాకపోతే ఏమనుకోవాలి? కొండమ్మ మంచి డికాక్షన్ తీసి, చిక్కటి పాలు కలిపి, ఫ్లాస్కు నింపుకుని వాళ్ల ఇంటికి బయలుదేరింది. సైదా లోపలి గదిలో మంచం మీద చాపచుట్టలా పడి నిద్రపోతున్నాడు.

“కడుపులో ఒకటే తిప్పటం వదినా. రెండు రోజులుగా మజ్జిగన్నం తప్ప ఏదీ నిలబడట్లా” అంది మున్నీ బీ.

“లేచాక ఇది ఇవ్వు. వేడి కాఫీ. దీంతో లేచి కూర్చుంటాడు.”

మున్నీ బీ ఫ్లాస్కును పాముని చూసినట్టు చూసింది. “కాఫీయా? ఆయనకా? వదినా, ఆయనకి కాఫీ పడదు. చిన్నప్పట్నుంచీ పడదు. మా ఇంట్లో కాఫీ పొడే ఉండదు. ఆయన టీ మనిషి.”

కొండమ్మ అక్కడే గుమ్మం మీద కూలబడింది. “పదేళ్ల నుంచి నా దగ్గర తాగుతున్నది ఏంటి మరి?”

“సగమే కదా. సగమైతే ఎలాగో దిగుద్దంట.” మున్నీ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నువ్వు హోటలు పెట్టిన కొత్తలో, ఒకరోజు ఇంటికొచ్చి చెప్పాడు. ‘ఆ కొండమ్మక్క పొద్దుట్నుంచి డికాక్షన్ కాచుకుని ఖాళీ బల్లలకేసి చూస్తా కూర్చుంది మున్నీ. ఖాళీ బల్ల చూసి ఎవడూ లోపలికి రాడు. ఒక్కడు కూర్చుంటే ఎవరికోసమో కాచుక్కూర్చున్నాడు అనుకుంటారు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటేనే హోటలంటారు’ అని. రోజుకొకణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టటం మొదలెట్టాడు. నీకు గిరాకీ వచ్చాక మానేస్తాడనుకున్నా. అప్పటికే మనుషులతో మాట్లాడటం రుచి మరిగాడు. కాఫీ రుచి మాత్రం ఇప్పటిదాకా మరగలా.”

కొండమ్మ జీవితంలో మొదటిసారి ఒక ఇంట్లోంచి ఇంకో ప్రశ్న అడక్కుండా లేచి వచ్చింది. దారంతా ఆవిడకు రంజాను నెల గుర్తొచ్చింది. వాసన చూడటానికట, వాసన. ఆవిడకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, రెండూ సమానంగా వచ్చాయి. స్టేషను రోడ్డు చేరేసరికి నడక పరుగైంది. హోటలుకు వెళ్లకుండా నేరుగా రోడ్డు దాటి ఫరూక్ బంకు ముందు నిలబడింది.

“అబ్బాయ్, ఒక టీ పొడి పొట్లం ఇయ్యి.”

ఫరూక్ చేతిలో కెటిలు జారబోయింది. “నువ్వా పిన్నీ? టీ పొడా?”

“పొయ్యి తోముకోటానికి” అంది కొండమ్మ.

శుక్రవారం వచ్చింది. గోపాలకృష్ణ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏం చేశావు కొండమ్మా?” అనబోతున్నంతలో వెనక నుంచి మిషను నూనె వాసన వచ్చింది. సైదా కాస్త చిక్కాడు గానీ, చేతిలో మనిషి మాత్రం ఉన్నాడు. రేపల్లె బండి దిగిన వెంకయ్య. పెనుమూడి మనిషి, నెత్తిన చేపల తట్ట, “కూర్చుంటే చేప పాడైపోద్దయ్యా” అని మొత్తుకుంటున్నాడు. సైదా ఒక చేత్తో వెంకయ్యను కూలేశాడు. గుమ్మానికి అడ్డంగా ఉన్న గోపాలకృష్ణను చూశాడు. ఓనరుగారని తెలుసు. ఒంటరిగా నిలబడ్డాడని కూడా తెలుసు. రెండో చేత్తో ఆయన్నీ కూలేశాడు.

“అక్కా, వన్ బై టూ. వీళ్లిద్దరికీ.”

గోపాలకృష్ణ తను కూర్చున్న సంగతి తెలుసుకునేలోపు గ్లాసు చేతికొచ్చింది. పక్కన చేపల వాసన. ఏదో ఒకటి అనాలి కదా అని, “ఏ ఊరు మీది?” అన్నాడు.

“పెనుమూడండి. రేవులో పడవ నడిపేవాణ్ణి.”

“పెనుమూడి రేవా? నా పెళ్లికి అక్కడే నది దాటాను. ఆ పడవలో ఒక చెప్పు పోయి, ఒంటి చెప్పుతో పందిట్లోకి వెళ్లాను. మా అత్తారూళ్లో ఈ రోజుకీ నా పేరు ఒంటిచెప్పు అల్లుడే.”

వెంకయ్య గ్లాసు కింద పెట్టాడు. “కొత్త కిర్రు చెప్పా? ఎడమ కాలిదా?”

“ఎడమ కాలిదే.”

“నా పడవ అడుగునే దొరికిందండి. ఎవరైనా వస్తారేమోనని చాలాకాలం చూశాను. రాకపోతే, దాంతోనే పడవలో నీళ్లు తోడేవాణ్ణి. మంచి చెప్పండి అది. ఎన్నేళ్లు తోడిందో.”

గోపాలకృష్ణ నవ్వాడు. ఆ నవ్వు విని ఫరూక్ బంకులోంచి బయటకొచ్చి చూశాడు. పాల క్యానుతో పోతున్న శివపార్వతి ఆగిపోయింది. పక్క వాటా అద్దం వెనక నుంచి సారా తొంగి చూసింది.

“ఇప్పుడు పడవ నడపటం లేదా?”

“వంతెన వచ్చాక ఎవరెక్కుతారండి? మంచిదేలే, ఆపదకి తొందరగా దాటుతున్నారు. కానీ పక్కవాడి మొహం చూసేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తోంది.”

గోపాలకృష్ణ ఒకసారి పక్క వాటా అద్దాలకేసి చూశాడు, తన గ్లాసులోకి చూసుకున్నాడు. అడగాల్సిన మాట అడక్కుండానే, “ఆ చెప్పు ఇప్పుడుందా?” అని అడిగాడు.

వాటా సంగతి ఆ రోజు తేలలేదు. మర్నాడు ఆయన వచ్చి, తనంతట తనే కూర్చుని, “పడవాయన ఏ బండికొస్తాడు?” అన్నాడు. ఏసీ కాఫీ వాళ్లు మళ్లీ అడిగితే, “ఆ వాటా కుదరదయ్యా, అందులో మనుషులు కూర్చుని ఉన్నారు” అన్నాడట. ఏసీ కాఫీ కూడా అక్కడే ఉంది, చలి కావాల్సినవాళ్లు వెళ్తున్నారు. సారా మాత్రం మధ్యాహ్నం టోపీ తీసి జేబులో పెట్టుకుని ఇటు వచ్చేస్తుంది. ఆ పిల్లకు సగానికి మనిషిని ఇప్పుడు కొండమ్మే వెతికి పెడుతోంది. మాటలు వినడానికి పొయ్యి తగ్గించే అవసరం కూడా లేదు, మధ్యలో తనే కూర్చుంటుంది.

ఆ శుక్రవారం, పెనుమూడి చెప్పు కథ ఇంకా నడుస్తుండగానే, కొండమ్మ లోపలి నుంచి మూడో గ్లాసు తెచ్చి సైదా ముందు పెట్టింది. అది ఆ హోటల్లో కాచిన మొట్టమొదటి టీ. పొడి ఎక్కువై ఇటుక రంగుకు తిరిగింది. ఆవిడ పొయ్యి తుడుస్తున్నట్టు అటు తిరిగి నిలబడింది.

“వన్ బై టూకి మూడు గ్లాసులేంటక్కా?”

“ఆఫరు” అంది కొండమ్మ, వెనక్కి తిరక్కుండా.

సైదా ఒక గుక్క తాగాడు. మరో గుక్క తాగాడు. ఆ తర్వాత గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండు కాఫీ గ్లాసుల్నీ, తన ఎర్రటి టీ గ్లాసునూ వరసగా చాలాసేపు చూశాడు.

“సమానంగానే ఉన్నాయక్కా” అన్నాడు.